ఎనిమిదో ఫింజాన్

సూర్ రేవులో పడవలు చెక్కిన ముబారక్ బిన్ ఖల్ఫాన్‌కు
కుడిమెదడులో నెత్తురు గడ్డకట్టి
ఇవాళ్టికి నలభై రోజులు.
మాట పోలేదు.
మాట పోలేదని ఇంటిల్లిపాదీ అల్లాకు చేతులెత్తారు.
మాట పోకపోతే మరేం పోయినట్టు?
అది వెతకడానికి
డాక్టర్ రవ్దా పద్నాలుగు కాగితాలతో వచ్చింది.

మూలన దుప్పట్లు మడుస్తున్నది నేను.
ఓబులమ్మను, రాయచోటి దాపున మా ఊరు.
ఇక్కడెవరికీ నోరు తిరగదు. ఓబ్లా అంటారు, పలుకుతాను.

గీతకు నడిమధ్య గీటు పెట్టమంది.
దూలాన్ని కంటితోనే కొలిచిన మనిషి
కుడి కొసకు దగ్గరగా గీటు పెట్టి
"ఇదే మధ్య" అన్నాడు.

చదవమంది.
వీళ్ళ రాత కుడినుంచి కదా,
ప్రతి వరుసా చక్కగా ఎత్తుకున్నాడు,
ఒక్కటీ దించలేదు.
"అమ్మ ఒడ్డున నిలబడి..."
"నాన్న ఎక్కిన ఓడ..."
ఓడ వచ్చిందో లేదో ఎడమ చివర రాసుంది.
ఆయనకు ఎడమ లేదు.
అదే మన తెలుగైతే
మొదళ్ళు పోయి చివర్లు మిగిలేవి.
దిండుకు గలీబు తొడుగుతూ తొడుగుతూ
సగంలో ఆగిపోయాను.

ఈ పరీక్ష ఏదో చలిదేశంలో
ఎడమనుంచి రాసేవాళ్ళు కుట్టుకున్న చొక్కా.
రవ్దా చేతులు కత్తిరించి, మెడ తిప్పి
వీళ్ళ ఒంటికి పట్టిస్తోంది. ఇంకా పట్టలేదు.

"వాడి గుండె తెల్లన అంటే ఏమిటి, బాబాయ్?"
"గుండె ఎర్రగా ఉండాలి. తెల్లబడితే ఆస్పత్రికి తీసుకుపోవాలి."
"వాడి చెయ్యి పొడుగు అంటే?"
"నిచ్చెన లేకుండా ఖర్జూరాలు కోస్తాడు."
భార్య షంసా నవ్వబోయింది,
ఆయన మొహం చూసి ముసుగు సర్దుకుంది.
నలభై ఆరేళ్ళు ఆ నోటి నానుళ్ళతోనే
కాపురం చేసింది.
నీకోసం కళ్ళు కాయలు కాచాయంటే
ఏ కాయలు అని అడిగే మనిషితో
రేపటి పొద్దు ఎట్లా గడుస్తుంది?

తర్వాత ఒక జోకు.
పుస్తకాల అరబ్బీలో, ప్రతి పదమూ ఇస్త్రీ చేసినట్టు.
గ్రాంథికంలో వేళాకోళమాడితే
మా రాయచోటి సంతలో ఎవడు నవ్వుతాడు?
ఆయనా నవ్వలేదు.
రవ్దా సున్నా వేసింది. మళ్ళీ కొట్టేసింది.
"ఈ సున్నా ఆయనదా, నాదా?"
కాగితాన్నే అడిగింది.

అప్పుడు షంసా ఖావా పోసింది.
ఇక్కడ చాలు అని నోటితో అనరు.
ఖాళీ ఫింజాన్‌ను అటూ ఇటూ కదిపితే చాలు.
కదపకపోతే పోస్తూనే ఉండాలి, అది మర్యాద.
ఆయన కదపలేదు.
మూడు.
ఐదు.
పళ్ళెంలో కుడివైపు ఖర్జూరాలు అయిపోయాయి,
ఎడమవైపువి ఎవరివో అన్నట్టు ఉన్నాయి.
ఏడు.
ఎనిమిదోసారికి దల్లా పట్టిన చెయ్యి వణికింది.
"ఎందుకిట్లా తాగుతున్నావు?"
"నువ్వు పోస్తున్నావు కదా."
కోపం లేదు, ముద్దు లేదు.
ఆటూ పోటూ ఆగిపోయిన నీళ్ళు ఆ గొంతు.

నాకొచ్చిన వచ్చీరాని అరబ్బీలో అడిగాను:
"డాక్టరమ్మా, ఫింజాన్ ఉందా మీ కాగితాల్లో?"
ఆమె నన్ను చూసింది, కప్పును చూసింది,
చివరి కాగితం వెనక్కి తిప్పి
కుడినుంచి రాయడం మొదలుపెట్టింది.
"ఎన్ని పోశావమ్మా?"
షంసా వేళ్ళు ముడిచి లెక్క చెప్పింది.

డ్యూటీ దిగి పోతూ
ఆయన ఎడమ పక్కన నిలబడి సలాం అన్నాను.
బదులు లేదు.
మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చాను.
"ఎప్పుడొచ్చావు?" అన్నాడు.
"పద్దెనిమిదేళ్ళయింది" అన్నాను.

ఆయన తల ఊపాడు, సరే అన్నట్టు.
షంసా మాత్రం
ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని
ఆపుకోలేక
దగ్గు వచ్చేదాకా నవ్వింది.